బెత్తెడు

సోంపేట దాటి సముద్రం వైపు పోతుంటే
బీల నడిమిన తవ్విన కాలవలో
ఒక్కచోట తవ్వకుండా వదిలేసిన మట్టి దిమ్మ ఉంటుంది.
నిలువెత్తు. నెత్తిన ఒక కుచ్చు తుంగ.
కొంగ వాలితే కొంగకి సరిపడా చోటు.

మావాళ్ళు దాన్ని సాక్షి అంటారు.

తెలీనివాళ్ళకి చెప్తాను:
కూలికి మట్టి తవ్వేటప్పుడు
ఎంత లోతు తవ్వారో తేల్చడానికి
అక్కడొకటి, ఇక్కడొకటి దిమ్మలు మిగులుస్తారు.
ఓవర్సీరు టేపు పట్టి కొలిచాక
వాటినీ కొట్టేసి తట్టలకెత్తుతారు.
ఇదొక్కటి ఎలా మిగిలిందో!
ఆ రోజు వానొచ్చిందనీ
ఓవర్సీరుకి జొరమొచ్చిందనీ
బిల్లు పాసయ్యాక ఎవడు తవ్వుతాడనీ
మూడు కథలు.
తర్వాతెవరో పసుపు రాసి బొట్టు పెట్టారు.
పొక్లెయిను కూడా పక్కనుంచి పోతుంది.

అంతకుముందు ఇక్కడ కాలవ లేదు, గట్టు లేదు.
మా అమ్మమ్మ తవిటమ్మ చెప్పేది:
"నీరూ కాదు, నేలా కాదమ్మా.
అడుగేస్తే ఊఁ అనీది."
మండు వేసవిలోనూ మడమ తడి.
ఇంగిలాయిలు చేత్తో దొరికేవి.
తుంగ కోసి చాపలల్లేవారు,
కలవదుంపలు ఉడకేసుకునేవారు,
పన్ను లేదు, పట్టా లేదు.
కాగితంలో ఒకే మాట: నిరుపయోగం.
ఎవరికి అన్నది రాయలేదు.

సర్వే రాళ్ళు పాతారు.
మొదటి వానలకే మునిగిపోయాయి,
నీళ్ళలో కాదు, నేలలో.
మళ్ళీ పాతారు. మళ్ళీ మింగింది.
మూడోసారి రాళ్ళు తేలేదు, పారలు తెచ్చారు.

మా తాత దండాసి ఆ పారల్లో ఒకడు.
తన బీలని తనే తవ్వాడు,
గజానికి ఇంతని.
సముద్రం వైపు మొగ తెరిచిన నాడు
మూడు పగళ్ళు మూడు రాత్రుళ్ళు పోయిందట నీరు.
చేపలేరుకోడానికి ఊరంతా దిగిందట.
అంత పండగ మళ్ళీ ఎరగనంది అమ్మమ్మ.
నాలుగో రోజు కంపు.
అయిదో రోజు కొంగలొచ్చి, కాసేపు నిలబడి,
వెళ్ళిపోయాయి.

తర్వాత వరి పండింది. అబద్ధం చెప్పను.
బుగత పేరు మీద పండింది, అయినా పండింది.
మా అమ్మ ఆ గంజి తాగే పెరిగింది.
ఆ తర్వాత ఉప్పు పైకొచ్చింది,
ఉప్పు వెనక రొయ్యల చెరువులు,
వాటి వెనక ఎవరిదో కంపెనీ బోర్డు.
ఇప్పుడు బోర్డు మీద బాణం గుర్తొక్కటే మిగిలింది,
తుప్పులోకి దారి చూపిస్తూ.

పోయే ముందు తాత నాకొక్కదానికే చెప్పాడు:
"ఆ సాక్షుంది సూడు, అది దొంగసాచ్చికం.
రేతిరి నానూ మీ అమ్మమ్మా ఎల్లి
దాని నెత్తిన బెత్తెడు మట్టెట్టీసినాం.
తడిపీసి, తట్టీసి, తుంగ నాటీసినాం.
టేపుకి బెత్తెడెక్కువొచ్చినాది.
ఆ డబ్బులే, మీ యమ్మ పుట్టినప్పుడు
మంత్రసానికిచ్చినాం."

ఇవాళ రీసర్వే.
మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రోవరు.
కాలవలోకి దిగి
సాక్షి తలమీద కర్ర నిలబెట్టాను.
పైనుంచి పదకొండు ఉపగ్రహాలు పలికాయి.
తెరమీద ఎత్తు వచ్చింది, సెంటీమీటర్లతో సహా.

బీల ఎంత ఎత్తుండేదో
చెప్పగలిగిన చోటు ఇదొక్కటే.
అందులో బెత్తెడు మా తాతది.

తీసేసి రాయాలా?
బెత్తెడంటే ఎన్ని సెంటీమీటర్లు,
ఎవరి వేళ్ళతో?
తవ్వి తవ్వి వాచిన వేళ్ళతోనా,
కడుపుతో ఉండి మట్టి తట్టిన వేళ్ళతోనా?

రిమార్కుల గడి ఖాళీగా మినుకుతోంది.
వెనక్కి తిరగబోతే
బూటొకటి దిమ్మ మొదట్లో దిగబడింది.
లాగాను.

ఊఁ అంది.