పెన్సిల్ గీత

బల్లార్షా టేషన్ అవతల, బొగ్గు లారీల అడ్డా పక్కన నా దుకాణం.
బోర్డు మీద మూడు లిపుల్ల ఒకటే మాట: సైలెన్సర్.
తెలుగుది నేనే రాసిన, అందుకే వంకర.

ఇరవై ఆరేండ్లు
టిప్పర్ల కింద ఎల్లకిల పండి
చాసిస్‌కు, గేర్‌బాక్సుకు నడుమ
దొరికినంత ఆకాశం చూసినోణ్ని.

ఒకనాడు వత్సలాబాయి ఠెంగణే వచ్చింది.
పేపర్ మిల్లుల బాయిలర్ మీటర్లు చూసి రిటైరైన మనిషి.
సంచిలకెల్లి రెండు వంపు పైపులు తీసి బల్ల మీద పెట్టింది.
"పోశంభావు, ఇవి ఊడిపోకుండ పట్టుకునేటియి కావాలె, నాలుగు."
ఏ బండికి బాయీ అని అడిగిన.
"విమానానికి" అన్నది
వంకాయల ధర చెప్పినట్టు.

రాజురా రోడ్డు మీద ఎవరిదో పాత పత్తి గోదాం.
పైన దూలాలకు ఇంకా దూది పోగులు.
గోడకు ఆనిచ్చిన రెండు రెక్కలు,
బట్ట కప్పని పక్కటెముకలు.
ఎడమదాంట్ల పిచ్చుక గూడు.
"పిల్లలు ఎగిరిపోయేదాక ఆ రెక్క పని బంద్."
ముందల, నాగ్‌పూర్ తుక్కుల కొన్న కారు ఇంజను
తొడుగు లేక, సిగ్గు లేక కూసున్నది.

నేను లారీ లెక్కల పోయిన.
ఐదు ఎమ్మెమ్ పట్టీ, బొటనవేలంత బోల్టు,
ఒక కొస పైపుకు, ఒక కొస వెనక గోడకు.
చేత్ల పట్టుకొని తూకం చూసి నవ్వింది.
"దీనికి బావి గిరక ఏలాడదియ్యొచ్చు."
మల్ల కూసోబెట్టి చెప్పింది:
ఇంజను రబ్బరు మీదుంటది, వణుకుతది.
గోడ వణకదు.
రెంటికీ కలిపి కడితే నడిమిది చస్తది.
నాకు మా అన్నదమ్ముల పంచాయతి యాదికొచ్చింది,
ఏమనలే.

పైపును ఇంజనుకే ఏలాడదీసిన.
ఎమ్మెమ్ కన్న పల్చని స్టీలు రేకు,
చంద్రపూర్ నుంచి ఆర్గాన్ సిలిండరు.
చెవి మీది పెన్సిల్ తీసి, స్కేలు పెట్టి,
గీసిన, కోసిన, వంచిన, అతికిన.
బిడ్డ పెండ్లికి గూడ అంత జాగ్రత్త పడలే.

మూడో పూటకు పగిలింది.
అతుకు కాడ గాదు.
నేను గీసిన గీత మీద,
గీసినంత సక్కగ.

బాయి అద్దాలు పెట్టుకొని చూసింది.
"పెన్సిలా?"
నా చెవి దిక్కు చూసింది.
"అండ్ల ఉన్నది బొగ్గే గదా భావు.
ఉక్కు ఎర్రగ కాలినప్పుడు లోపటికి దిగుతది.
దిగిన కాడ పెళుసైతది."

బొగ్గు ఊర్ల పుట్టినోణ్ని.
ఆరేసిన బట్టల మీద బొగ్గు, ఉమ్మిల బొగ్గు.
అది చాలనట్టు చెవి మీద ఒక తునక పెట్టుకొని
ఇన్నేండ్లు తిరిగిన.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
వానకాలం పగిలి తిరిగొచ్చిన సైలెన్సర్లన్ని లెక్కబెట్టిన.
రోడ్డును తిట్టిన,
ఓవర్‌లోడును తిట్టిన,
గడ్చిరోలి డ్రైవర్ జైరాంను మొకం మీదనే తిట్టిన.
లారీ ఇనుము వేరు, దానికేం కాదు అన్నది బాయి.
కాకపోవచ్చు.
జైరాంకు మాత్రం ఒక చాయ్ బాకీ.

ఎదురుంగ దర్జీ యూసుఫ్ కాడ
సుద్దబిళ్ల అడుక్కొచ్చిన.
మూలలు గుండ్రంగ తిప్పిన.
రంధ్రాల అంచులు ఎమరీ కాయితంతోని
వేలికి తగలనంత నున్నగ.
బోల్టు కాడ రంధ్రాన్ని పొడుగ్గ చీల్చిన:
వేడికి పైపు ఒక నూలు పెరుగుతదట,
పెరగనియ్యాలె.

నాలుగూ కలిపి కిరాణ తక్కెట్ల
నూట డెబ్బై గ్రాములు.
బాయి నోటుబుక్కుల పాత అంకె కొట్టేసి
కొత్తది రాసుకున్నది,
పైసలు మిగిలినంత సంబురంగ.

గంట సేపు నడిపినం.
గోదాంల దూది అంత లేచి
మా నెత్తుల మీద వాలింది.
టార్చి పట్టి ఒక్కొక్కటి చూసిన.
వణికినయి. ఉన్నయి.

ఢిల్లీ నుంచి పర్మిషన్ కాయితం ఇంకా రాలే.
ఎప్పుడొస్తదని నేనడగ, ఆమె చెప్పదు.
గీత గీసే ముందు నా చెయ్యి
ఇప్పటికీ చెవి కాడికి పోతది,
ఏం దొరకక జేబులకొస్తది.
జేబు తెల్లగైందని ఇంట్ల తిట్లు.

నిన్న బాయి ఫోన్ చేసింది.
గూడు ఖాళీ అయిందట.
ఎడమ రెక్క షురూ.