నల్లా టైమ్

మా బోరబండ గల్లీల
నల్లా రోజు విడిచి రోజు వస్తది.
లైన్‌మన్ అంజిలయ్య
పొడుగాటి ఇనుప చెవి భుజానేసుకొని వచ్చి
రోడ్డు మీది మూత లేపి, వంగి, తిప్పి పోతడు.
ఎవరింట్ల ఎంత దాహమున్నా
ఆయన చెయ్యి తిరగాల్సిందే.

నేనెక్కిన ఆటోను లారీ గుద్దిన నాటి సంది
నా ఒంట్ల గూడ అంతే.
నడుము కాడ ఏదో తీగె తెగింది.
నడక మెల్లమెల్లగ మళ్ళొచ్చింది గానీ
నిండిందన్న కబురు మాత్రం
పైకి రాదు.

పంజాగుట్ట దవాఖానల
ఎస్తేరు సిస్టర్ అద్దం చేతికిచ్చి
"చూడు బిడ్డా" అన్నది.
ముప్పై నాలుగేండ్లొచ్చి, ఇద్దరిని కని,
నన్ను నేను చూసుకునుడు అదే మొదలు.
రెండుసార్లు గొట్టం తప్పు దారిల పోయింది.
సిస్టర్ నవ్వలేదు, తిట్టలేదు.
"ఇంకొంచెం పైకి. నువ్వుగింజంత ఉంటది.
కండ్లతోని గాదు, వేలుతోని వెతుకు."
మూడోసారి
గిన్నెల చప్పుడైంది.
ఆ చప్పుడుకు ఏడ్చిన,
పెండ్లినాడు గూడ గట్ల ఏడ్వలేదు.

ఇప్పుడు అద్దం అక్కర లేదు.
సబ్బు, వేలు, జానెడు లేని గొట్టం.
ఆరు, పది, రెండు, ఆరు, పది.
వాడి పారేసేటివి కొనే జీతం గాదు,
కడిగి కిటికీ కాడ ఆరబెడుత.
"బుడగలు ఊదేదా అమ్మా?" అంటడు చిన్నోడు.

అమీర్‌పేట చీరల దుకాణం, మూడో అంతస్తు.
తొలినాడు గేటు కాడ వాచ్‌మన్ సంచి తెరిచి
"ఇదేంది?" అన్నడు.
"నల్లా" అన్న.
ఇంకో మాట అడగలేదు.

పట్టు చీరల కాడ నా పక్కన నిలబడేది
కమర్ సుల్తానా.
పొద్దటి సంది గుక్కెడు నీళ్ళు ముట్టదు.
ఆడోళ్ళ బాత్రూం కింద గోదాంల,
పోతనంటే సూపర్‌వైజర్ గడియారం చూస్తడు.
ఆమెకు తెలుసు, పోనియ్యరు.
నన్ను పోనిస్తరు, నాకు తెల్వదు.
"నీ డాక్టర్ చీటీల నా పేరు గూడ రాయించరాదా"
అని నవ్వింది ఒకనాడు.
నాకు నవ్వు రాలేదు.

మర్నాటి సంది
రెండు కొట్టంగనే ఇద్దరం లేస్తం.
"తోడు కావాలె సార్,
మెట్లు దిగుతుంటే కాలు వణుకుతది" అంట.
కాలు వణకదు.

లోపల నేనుంటే బయట నా సంచి పట్టుకొని ఆమె,
ఆమె ఉంటే నేను.
తలుపు రేకుది, అన్నీ వినబడుతయి.
మొదట్ల ఇద్దరం దగ్గేటోళ్ళం,
ఇప్పుడు దగ్గుత లేము.

నిన్న కౌంటర్ కింద, చీరల అట్టపెట్టెల సందున,
ఆమె నీళ్ళ సీసా చూసిన.
సగం ఖాళీ.