నూటికి ఎనభై ఒక్కరు

మా ఊళ్ళో నూటికి ముప్పై ఎనిమిది మంది పాసవుతారు.
ఫెర్రీ ఎక్కి రెండు గంటలు పోతే
స్కెల్లవే దీవిలో ఎనభై ఒక్కరు.

స్టీరింగు ముందు కూర్చుని ఇఫ్రా ఈ లెక్క తన ఫోనులో చూపించింది.
"వాళ్ళేమైనా మనకంటే తెలివైనవాళ్ళా, మిస్టర్ కిన్‌కేడ్?"

ఇరవై రెండేళ్ళుగా
నెత్తిన ఎర్ర అక్షరం పెట్టుకున్న కారులో
పక్క సీటు నాది.
కాదమ్మా, అన్నాను,
వాళ్ళకి హార్గేట్ రౌండెబౌట్ లేదు, అంతే.

హార్గేట్ అంటే ఏడు దారులు ఒకేసారి మాట్లాడే చోటు.
అక్కడ గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి.
బ్రేకు ఇంకొకటి నా కాళ్ళ దగ్గర కూడా ఉంటుంది,
ఆ మలుపు రాకముందే
నా కుడికాలు దాన్ని వెతుక్కుంటుంది.

ఇఫ్రా ఇక్కడ మూడుసార్లు తప్పింది.
మొదటిసారి అద్దం చూడలేదు.
రెండోసారి బస్సుల దారిలో నాలుగు గజాలు.
మూడోసారి ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.
దిగి, డోరు మెల్లగా వేసింది.
ధడాలున వేసినా బాగుండేది.

ఆమె పని ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి
స్నానం చేయించడం, మాత్రలు లెక్కపెట్టడం.
ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య వానలో నడిచినదానికి
జీతం లేదు.

దీవిలో పరీక్షకు డబ్బు కట్టింది.
నా కారు, నా రోజు: సగమే తీసుకున్నాను.
మంచితనం కాదు,
ఆ ఎనభై ఒక్కరి మొహాలు చూడాలని నాకూ ఉండింది.

ఒకటే రోడ్డు. ఒకటే సిగ్నలు,
అదీ వంతెన మరమ్మతుకని పెట్టి తీయడం మరిచారట.
పోస్టాఫీసు వెనక గదిలో
రబ్బరు బూట్లతో, చేపల వాసనతో ఒక కుర్రాడు, టోర్క్విల్.
"మీ ఊళ్ళో నిజంగానే ఏడు దారులా?" అని ఇఫ్రాను అడిగాడు.
సెప్టెంబరులో కాలేజీకి మా వైపే వస్తాడట,
తలుచుకుంటేనే అరచేతులు తడి అవుతున్నాయట.
నలభై నిమిషాల్లో వెనక్కి వచ్చాడు, కాగితం ఊపుకుంటూ.

తరువాత ఆమె.

రేవు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది.
ఇఫ్రా ఆగింది.
కుడివైపు చూసింది. ఎవరూ లేరు.
ఎడమవైపు చూసింది. ఒక గొర్రె, అదీ కంచె అవతల.
మళ్ళీ కుడివైపు.
ఎగ్జామినరమ్మ పెన్ను మూత తీసింది.
మళ్ళీ ఎడమవైపు.

'అకారణంగా ఆగిపోవడం' అని రాసి ఉంది కాగితంలో.

"ఏదో ఒకటి వస్తుందనే అనుకున్నాను," అంది ఇఫ్రా,
"రాకుండా ఎలా ఉంటుంది?"

అది మా ఊరు నేర్పిన పాఠం.
ఊరేమిటి, నేనే నేర్పాను,
గంటకింత అని తీసుకుని మరీ.

తిరుగు ఫెర్రీలో వేడి చిప్స్ కొన్నాను.
వెనిగరు ఎక్కువ పోసుకుని చాలాసేపు మాట్లాడలేదు.
అప్పుడు నవ్వింది:
"ఆ పంతొమ్మిది మందిలోనూ ఎవరో ఒకరుండాలి కదా."

దిగేసరికి చీకటి, చినుకు.
నడుపుతావా అంటే తాళం అందుకుంది.
ఒగిల్వీ అనే పెద్దావిడ గురించి చెబుతూ ఉంది,
టీ చల్లారితే తాగదట, వేడిగా ఇస్తే తిడుతుందట,
మధ్యలో ఒక్క క్షణం ఉంటుంది, దాన్ని పట్టుకోవాలట.
ఆవిడ తిట్టే తిట్లు చెప్పి
తనే నవ్వుతూ ఉంది.

హార్గేట్ దాటిపోయిందని
పెట్రోలు బంకు దీపాలు చూశాక గాని నాకు తెలియలేదు.
లారీ ఉంది. రెండు బస్సులున్నాయి.
నా కుడికాలు చాప మీద ఊరికే పడి ఉంది.

వెనక సీట్లో రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

వాళ్ళ వీధి మలుపులో దిగింది.
డోరు ఈసారి కాస్త గట్టిగానే వేసింది.
రేపు ఆరూ పదికి మొదటి బస్సు.
ఒగిల్వీ గారి టీ ఏడింటికి.