బార

పిన్నీ,
దుబాయి డేరాలో, క్రీక్ ఒడ్డున, తాళ్ళ కొట్లో
తొమ్మిదేళ్ళుగా చుట్టలు విప్పుతున్నాను.
నిన్న ఒక చుట్టలోంచి
కాలవలో నానిన కొబ్బరి డొక్క వాసనొచ్చింది.
మన వాసనే.
చీటీ మీద మాత్రం ఎవరిదో ఊరు, ఎవరిదో పేరు.

నువ్వు అంబాజీపేట షావుకారుకి
కిలోల లెక్కన తూచిచ్చిన తాడే అయ్యుంటుంది,
మూడు చేతులు మారి
నాలుగో చెయ్యిగా నా దగ్గరికొచ్చింది.
"బజారు లేదమ్మా" అంటాడుగా నీతో ఆయన?
ఉంది పిన్నీ. నా కళ్ళముందే
లంగరేసుకుని ఊగుతోంది.

నీ భయం నాకు తెలుసు.
డబ్బు తొంభై రోజులకి గాని రాదు,
ఒక్క చుట్ట బూజు పడితే సరుకంతా తిప్పి కొడతారు,
కాయితాలా, తోటలో ఆకులకన్నా ఎక్కువ.
అయినా
కొనేవాడు ఒక్కడే ఉన్నచోట
ధర చెప్పే నోరు నీది కాదు.

పచ్చడి జాడీకి నువ్వు బిగించి పంపిన తాడు
పడవ నాఖుదా సుహైల్‌కి ఇచ్చాను.
లాగాడు. తడిపాడు. పంటితో కొరికాడు.
ఎంత కావాలో చెప్పడానికి
గజాలూ మీటర్లూ కాదు, రెండు చేతులూ బార్లా చాచాడు,
అచ్చం పెరట్లో నువ్వు కొలిచినట్టే.
అరబ్బీలో దాన్ని 'బా' అంటారట!

యాభై చుట్టలు. చుట్టకి నూరు బారలు.
చీటీ మీద నీ పేరే వేయించు:
పెచ్చెట్టి మంగతాయారు, ముక్కామల.

అన్నట్టు,
అతని బార నీ బారకన్నా జానెడు పొడుగు.
ధర కట్టేటప్పుడు
ఆ జానెడూ మర్చిపోకు.