కొట్టివేతలు

మా సంఘం రెండో శనివారం కూడుతుంది,
నర్సాపురంలో, నా ఎరువుల కొట్టు మేడమీద.
కింద యూరియా బస్తాలు, పైన కవిత్వం.
కొత్తగా వచ్చినవాళ్ళకి కళ్ళు మండి నీళ్ళొస్తాయి.
విన్నదానికి కదిలిపోయారనుకుని
మేం సంతోషిస్తాం.

పద్దెనిమిదేళ్ళుగా కార్యదర్శిని నేనే.
నేను రాసేది మినిట్సు.
వేరే ఏం రాస్తున్నావని ఎవరూ అడగరు,
మర్యాదస్తులు.

పేరిచర్ల సుబ్బరాజు గారు లాకు సూపర్నెంటుగా రిటైరయ్యారు.
ఆయన నవల ఇరవై రెండేళ్ళుగా
కాలవ కట్టేసిన నెలలోనే ఉంది.
నీళ్ళొదలండి బాబూ అంటే
ఇంకా పూడిక తియ్యాలంటారు.
ఒడుగు పల్లయ్య పంటు మీద టిక్కెట్లు చింపుతాడు.
ఈ రేవులో మొదలెట్టిన కథ
సఖినేటిపల్లి రేవులో అయిపోవాల్సిందే.
ఎదురుగాలి వేసినరోజు కాస్త పొడుగవుతుంది.
నఫీసున్నీసా ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలుస్తుంది.
వేళ్ళు మంచుకి తిమ్మిరెక్కి కలం నిలవదు, ఫోన్లోకి చెబుతుంది.
ఫోను కామాలు పెట్టదు. మేమూ పెట్టం.
బళ్ళ సలోమి లేసు అల్లుతుంది.
పద్యం చదువుతున్నప్పుడు కూడా
లోపలెక్కడో కుట్లు లెక్కపెడుతున్నట్టే ఉంటుంది.

పోయినేడు సంకలనం వేశాం.
బెజవాడ ప్రెస్సు, మూడొందల కాపీలు.
పార్సిల్ విప్పి మొదటిది సుబ్బరాజు గారికిచ్చాం.
మూడో పేజీలో ఆయన వేలు ఆగిపోయింది.

మేం గోదారి అని రాసిన ప్రతిచోటా
గోదావరి అని ఉంది.

ఫోన్ చేస్తే ప్రూఫులు దిద్దినాయన గర్వంగా
"అన్నిచోట్లా వ పడిపోయిందండీ, నేనే పెట్టించాను,
దీనికి వేరే చార్జీ లేదు" అన్నాడు.
మంచివాడే. ఏమనగలం?

కాపీకి నూటపద్దెనిమిది చోట్లు.
సుబ్బరాజు గారు క్యూసెక్కులు కట్టినట్టు కట్టి
ముప్ఫై అయిదు వేల నాలుగొందల వ-లు అన్నారు.
మళ్ళీ అచ్చువేద్దామంటే సంఘం నిధి
రెండు వేల నూటపది, అందులో ఒకటి చిరిగిన యాభై.

సన్నమొన నల్లపెన్నులు రెండు డజన్లు తెప్పించాను.
నాలుగు రాత్రులు, మధ్యలో ఒకసారి కరెంటు పోయింది.
పల్లయ్య టిక్కెట్టు చింపినంత తేలిగ్గా గీటు పెట్టేవాడు.
నఫీసున్నీసా ఎడంచేత్తో.
సుబ్బరాజు గారు ఉన్నట్టుండి తలెత్తి
"పల్లయ్యా, ఎంత బావుందయ్యా ఈ కథ" అన్నారు.
పన్నెండేళ్ళ కిందట ఆయన ముందే చదివాడు దాన్ని.
అప్పుడూ తలూపారు.
ఆయనకి కుడిచెవి వినపడదని
ఆ రాత్రి తెలిసింది మాకు.

మూడో రాత్రి సలోమి నా చెయ్యి పట్టుకుంది.
నలభై ఒకటో పేజీ, తన పద్యం.
"ఇక్కడ కొట్టకండి.
ఈ ఒక్క వ ప్రెస్సాయన పెట్టింది కాదు. నాదే."

గోదావరి నదిలో మునిగి మృతిచెందినట్లు
ధ్రువీకరించడమైనది
అని ఉందా పాదం.

"తాలూకాఫీసు కాయితంలో మాట అది.
మా నాన్నని మింగింది ఆ కాయితంలో నదండీ.
గోదారి కాదు.
గోదారిలో నేను రోజూ గుడ్డలుతుకుతాను."

ఎవరం మాట్లాడలేదు.
సుబ్బరాజు గారు లెక్కలోంచి మూడొందలు తీసేశారు.
అప్పటికే నలభై కాపీల్లో కొట్టేశాం.
అవన్నీ ముందేసుకుని
కొట్టివేతల నెత్తిన ఒక్కొక్క వ తిరిగి రాసింది సలోమి,
ఏ రెండూ తేడా లేకుండా,
నలభై.

మొన్న తణుకు నుంచి ఒక మాస్టారు ఉత్తరం రాశారు.
ఇంత శ్రద్ధగా దిద్దిన పుస్తకం చూడలేదట.
అయితే నలభై ఒకటో పేజీలో
వ ఒకటి కొట్టడం మరిచిపోయామట.

చదివి వినిపించాను.
సలోమి ఆ ఉత్తరం అడిగి తీసుకుని
దారపుండల డబ్బాలో పెట్టుకుంది.
మినిట్సులో రాశాను:
ఉత్తరం చదవబడినది. జవాబు అవసరం లేదు.
మళ్ళీ ఏమనిపించిందో
అవసరం లేదు కొట్టేసి
రాయలేకపోయాం అని పెట్టాను.

ఆఖరి పంటుకి టైమయిందని
పల్లయ్య అప్పటికే మెట్లు దిగుతున్నాడు.