స్తంభం మీద చెయ్యి

రవెన్నాలో వెలుతురు కూడా అద్దెకే.
రాతిమెట్లు దిగి, చర్చి కింది నేలమాళిగలో
యూరో బిళ్ళ వేస్తే కాసేపు దీపం:
మోకాటిలోతు నీళ్ళు,
నీళ్ళ అడుగున రంగురాళ్ళ ముగ్గు,
ముగ్గు మీద ఎర్రచేపలు.
ఊరు ఏటికేడాది కుంగుతోందట.
చేపలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.
బిళ్ళ అయిపోయింది.
చీకట్లో ఒక తోక చప్పుడు.

ఇంకో చర్చి. కాపలాదారు లియార్కో
సైకిలు గోడకానించి, ప్యాంటు అంచుకున్న బట్టల క్లిప్పు తీసి
జేబులో వేసుకుని, తాళంచెవితో పైకి చూపించాడు.
"అందరూ బంగారం చూస్తారు. నువ్వు తెరలు చూడు."

చూశాను.
గోడంతా రాజుగారి మేడ. కమాను కమానుకీ ఒక తెల్ల తెర
నడుమ ముడేసి.
పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరిలా ఉంది.
రాయి ఒక్కోటీ కందిగింజంత,
కాస్త వాలుగా పొదిగారు
ఎక్కడ నిలబడ్డవాడికైనా ఓ మెరుపు వంతుకొచ్చేలా.

"ఒకప్పుడు అక్కడ మనుషులుండేవారు. రాజు, కొలువు.
రాజు పోయాడు. గెలిచినవాళ్ళ దేవుడు అదే,
ప్రార్థన మాత్రం వేరు.
నిచ్చెనలేసి, మనుషుల్ని పీకి, తెరలు అతికించారు."
గట్టిగా తుమ్మాడు. "మార్చి నెల," అన్నాడు, తప్పు దానిదన్నట్టు.
"ఇప్పుడు స్తంభాలు చూడు."

తెల్లటి స్తంభం మీద
ఒక చెయ్యి.
మణికట్టు దాకా ఉంది. ఆ తర్వాత ఎవరూ లేరు.
అవతలి దాని మీద ఇంకొకటి, వేళ్ళు మాత్రం.
"అవి కూడా తీస్తే స్తంభం పాడవుతుందని వదిలేశారు.
మేస్త్రీ బద్ధకం," అన్నాడు లియార్కో.
"మా నాన్న కూడా మేస్త్రీయే. నాకు తెలుసు."

పద్నాలుగు వందల ఏళ్ళ పైమాటే.
కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు
ఆ చెయ్యి పట్టుకునే ఉంది.
దిగాల్సినవాడు ఎప్పుడో దిగిపోయాడు.

మధ్యాహ్నం వాళ్ళక్క డెర్నా ఇంట్లో భోజనం.
బజారులో చారల డబ్బాకొట్టు పెట్టి
నలభై ఏళ్ళు పియాదీనాలు కాల్చిన మనిషి.
ఇప్పుడు ఉన్నది ఇద్దరే.
చెయ్యి ఊరుకోక పన్నెండు కాలుస్తుంది.

నన్నూ కూర్చోబెట్టింది:
పల్చటి పిండి ముక్క, మధ్యలో చీజు ముద్ద,
మడత, మెలిక. చిటికెన వేలి గోరంత కజ్జికాయ.
ఆమె ఇరవై చేసేలోగా నావి మూడు.
వాటికేసి చూసి,
"నీవి విడిగా ఉడికిస్తాను," అంది దయగా.
పులుసులో నావి విచ్చుకుని తేలాయి.
ఆమెవి ఒక్కటీ నోరు విప్పలేదు.

ఫ్రిజ్ పక్కన ఓ ఫోటో.
సముద్రం, గాలికి చెదిరిన జుట్టు,
ఇరవై రెండేళ్ళ డెర్నా, చుక్కల గౌను.
ఆమె ఎడమ పక్కనుంచి నిటారుగా కత్తెర గీత.
భుజం మీద మాత్రం
ఒక మగ చెయ్యి. వాచీతో సహా.

నా చూపు ఎక్కడుందో పట్టేసింది.
"అది కూడా కోస్తే నా భుజం పోతుంది,"
అంది రొట్టె తిరగేస్తూ.
లియార్కో వైన్ గ్లాసు అడుగున ఏదో వెతుక్కున్నాడు.

మా భాషలో, నమ్మించి వెళ్ళిపోయినవాణ్ణి
చెయ్యిచ్చాడంటాం.
చెయ్యి చేసుకున్నాడంటే, కొట్టాడని.
ఈ రెండిట్లో ఏదని నేను అడగలేదు.
నా ఇటాలియన్ అంత దూరం రాదు.
వచ్చినా.
ఆ వాచీలో పన్నెండుంబావు.
వంటింటి గడియారంలో రెండు దాటింది.

గుమ్మంలో నా భుజం పట్టుకుని గట్టిగా ఒక ఊపు ఊపింది,
మళ్ళీ వస్తే ముడి సరిగ్గా నేర్పుతానని.
మిగిలిన పియాదీనాలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

రైలు ఫాయెంజా దాటాక చూసుకున్నాను.
నల్లకోటు ఎడమ భుజం మీద
తెల్లగా పిండి,
నాలుగు వేళ్ళు.
బొటనవేలు పడలేదు.