గొట్టం చివర

ఆటోనగర్లో వెనక వరస, రేకుల షెడ్డు.
పెట్టెకి పసుపు రాసి, కుంకుమ పెట్టి,
నాలుగు కాళ్ల కింద నాలుగు నిమ్మకాయలు.
అర కిలోవాటు తాగి
మూడు కిలోవాట్లు కక్కుతుందట.

నేను మీటర్ల మనిషిని.
ముప్పయ్యొక్క ఏళ్లు కరెంటాఫీసు లాబ్‌లో
అయస్కాంతం అంటించి ఆపిన చక్రాలూ
తీగ దాటించిన పిండిమరలూ చూసినవాణ్ణి.
ఇవాళ నా క్లాంపు మీటరు సంచిలోంచి బయటికి రాలేదు.
"మన మీటరుంది కదండీ" అన్నారు గౌరీశ్వరరావు గారు,
"మొన్ననే కొన్నాం."
తక్కెడా ఆయనదే, రాళ్లూ ఆయనవే.

స్విచ్చి వేశారు. పెట్టె మూలిగింది.
గొట్టం ఒక్క క్షణం పైకెత్తి చూపించారు,
బుస్సుమని తెల్లగా.
చప్పట్లు.
పరవాడ నుంచి వచ్చిన కంపెనీ ఆయన
కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
గొట్టం మళ్లీ గోడ కన్నంలోకి.

పోసిన నీళ్లన్నీ ఆవిరయ్యాయని లెక్క.
ఆ "అన్నీ" దగ్గర దిగబడిపోయాను,
బీచి ఇసకలో సైకిలు చక్రంలా.

అవతల పక్క అంతా ఆవిరేనా అండీ, అన్నాను.
ఆవిరి సంగతి అడిగితే
ఆయన నీళ్లు నమిలారు.

"పోనీ, చివర ఒక బకెట్టు పెడదామా?"
"గొట్టం కదిపితే సెట్టింగు పోతుందండీ."
"ఆ పచ్చ తీగ కూడా కొలుద్దామా?"
"అది ఎర్తు మాస్టారూ, దాన్లో ఏటుంటాది!"
ఏమీ లేనిదాన్ని కొలిస్తే పోయేదేముంది?
పైకి అనలేదు.
టీ ఇచ్చారు. అల్లం టీ. బాగుంది.

నిజం చెప్పొద్దూ, నాకూ కావాలది.
హుద్‌హుద్ తర్వాత తొమ్మిది రాత్రులు
కంచరపాలెంలో మా వీధి బొగ్గుముక్క.
పక్కింటి నూకరత్నం గారి పిల్లాడికి ఆయాసం వస్తే
నెబ్యులైజరు చంకన పెట్టుకుని
జనరేటరున్న ఇల్లు వెతుక్కుంటూ
పడిపోయిన చెట్ల మీంచి నడిచాను.
ఆ రాత్రి ఎవరైనా ఈ పెట్టె చూపించి ఉంటే
నిమ్మకాయలతో సహా దండం పెట్టేవాణ్ణి.
నమ్మకూడదనుకుంటే
ఇవాళ రెండు బస్సులు మారి వచ్చేవాణ్ణా?

అందరూ భోజనాలకి కదిలారు.
పెట్టె ఇంకా మూలుగుతూనే ఉంది.
నేను షెడ్డు వెనక్కి నడిచాను.
కాలవ గట్టున వెల్డింగు కుర్రాడు పోలిరాజు
గొట్టం కొస కింద
కేరేజీ గిన్నెలు కడుక్కుంటున్నాడు.
"ఏడి నీల్లు సార్, జిడ్డు బాగా వదుల్తాది."

ఎన్ని వస్తాయి రోజూ, అన్నాను.

గిన్నె బోర్లించి, చెయ్యి దులుపుకుని అన్నాడు:
"పోసినయి పోసినట్టే వచ్చెత్తాయండి."